చప్పుడు రాని ఫిల్టరు

"ఆ చప్పుడు మాత్రం పోకూడదన్నా!"

మెకానిక్ చేతిలో స్పానరు అలాగే ఆగిపోయింది. ఇరవై ఏళ్లుగా బళ్లు విప్పి బిగిస్తున్నాడు. 'మా ఆయన బండి చెవులు చిల్లులు పడేలా అరుస్తోంది, కాస్త దాని నోరు మూయించండి' అని మొత్తుకున్న ఇల్లాళ్లను ఎంతమందినో చూశాడు. చప్పుడు కావాలని వెతుక్కుంటూ వచ్చిన ఆడమనిషిని చూడటం ఇదే మొదలు.

ఆవిడ లెక్చరరు గారి భార్య. స్టాండు వేసి విప్పి పెట్టిన ఆ బరువైన క్రూయిజర్ మోటారుసైకిలు ఆయనదే. గాలి ఫిల్టరు ఉండే పెట్టె పగిలిపోయి, రెండు నెలలుగా వీధులు అదిరేలా గర్రుమంటోంది. 'తలనొప్పిగా ఉందండీ, కొత్త ఫిల్టరు ఏది మంచిదో చూసి ఉంచండి, సాయంత్రం వచ్చి వేయించుకుంటాను' అని పొద్దున్నే అప్పగించి వెళ్లాడు.

మెకానిక్ బల్ల మీద మూడు ఫిల్టర్లు వరసగా పెట్టాడు.

"చూడమ్మా, ఇది కంపెనీ వాళ్ల కాగితం ఫిల్టరు. మాసిపోతే పారేయడమే. ఇది నూలుది, కడిగి మళ్లీ వాడుకోవచ్చు. ఇంజను హాయిగా ఊపిరి తీసుకుంటుంది, పికప్ పెరుగుతుంది. మూసిన పెట్టెలో ఉంటుంది కాబట్టి కిక్కురుమనదు. మూడోదానికి పెట్టే ఉండదు, గొట్టం కూడా వెడల్పు. కుర్రకారు దీనికోసమే ఎగబడతారు. కానీ వానొస్తే నీళ్లు తాగుతుంది, ఎండొస్తే దుమ్ము తాగుతుంది. సార్ లాంటి పెద్దమనిషికి అదెందుకు?"

"ఎక్కువ అరిచేది ఏది?"

"మూడోదే."

"అయితే అదే వేయండి. ఎంత దూరం వినపడుతుంది?"

"వీధి మలుపు తిరిగితే చాలు, మీ వంటింట్లోకి వినపడుతుంది."

ఆవిడ మనసులో ఏదో లెక్క వేసుకుంది. "మలుపు నుంచి ఇంటికి నిమిషం. చాలన్నా. ఒక్క నిమిషం చాలు."

"ఆ నిమిషంలో ఏం చేస్తావమ్మా?" నవ్వుతూనే అడిగాడు మెకానిక్.

ఆవిడ నవ్వలేదు. భయంగా రోడ్డు వైపు చూసింది. "ఆయన ఏ వేళకి వస్తారో తెలీదు. నేనొచ్చి అడిగానని మాత్రం చెప్పకండి. పికప్ కోసం మీరే వేశానని చెప్పండి. మీ చెల్లెలు అడిగిందనుకోండి."

కొంగు భుజం చుట్టూ నిండుగా కప్పుకుని గబగబా వెళ్లిపోయింది.

మెకానిక్‌కి ఒంటి మీద తేళ్లూ జెర్రులూ పాకినట్టయింది. మొగుడు వస్తున్నాడని నిమిషం ముందే తెలియాలట! ఎందుకు? లోపలున్న వాడెవడో గోడ దూకడానికి కాకపోతే! ఆ మాత్రం అర్థం చేసుకోలేనంత అమాయకుడా తను?

లెక్చరరు గారంటే అతనికి ఎంత గౌరవమో చెప్పలేం. ఆయన గొంతు పెంచి మాట్లాడగా విన్నవాళ్లు లేరు. వచ్చినప్పుడల్లా 'పిల్లలు బాగా చదువుతున్నారాండీ' అని అడుగుతాడు. గ్రీజు చేతుల మెకానిక్‌ని 'అండీ' అని పిలిచే మనిషి ఊరు మొత్తానికి ఆయనొక్కడే. అలాంటి దేవుడి కళ్లల్లో దుమ్ము కొడుతుందా!

సాయంత్రం ఆయన రాగానే, తుడిచిన చేతులనే మళ్లీ తుడుచుకుంటూ నసిగాడు.

"సార్, ఇంటి సంగతి, నేను నోరెత్తకూడదు. కానీ చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మేడమ్ గారొచ్చారు. బండికి చప్పుడు ఉండాల్సిందేనట. మీరు వీధి మలుపులో ఉండగానే ఆవిడకి తెలియాలట. ఇల్లు కాస్త కనిపెట్టుకోండి సార్."

లెక్చరరు గారి చిరునవ్వు చెక్కు చెదరలేదు. మెకానిక్ భుజం మీద చెయ్యి వేశాడు. "చాలా మేలు చేశారండీ. కిక్కురుమననిది ఏదుంటే అదే వేయండి."

మెకానిక్ నూలు ఫిల్టరు వేశాడు. కొత్త పెట్టె బిగించి, అతుకుల్లోంచి గాలి సైతం చొరబడకుండా రబ్బరు వాషర్లు కూడా మార్చాడు. బండి పిల్లిలా వెళ్లిపోయింది. ఒక కాపురం నిలబెట్టానని భార్యతో కూడా చెప్పుకుని మురిసిపోయాడు.

వారం తర్వాత లెక్చరరు గారు ఫిల్టరు ఒకసారి చూపించడానికి వచ్చారు. వెనక సీటు మీద కూతురు. ఏడెనిమిదేళ్లుంటాయి.

"ఎలా ఉంది సార్?"

"అద్భుతమండీ. గేటు తీసేదాకా నేనొచ్చినట్టే తెలీదు."

మెకానిక్ గొంతు తగ్గించాడు. "మరి మేడమ్ గారు?"

"పుట్టింటికి వెళ్లింది. కొన్నాళ్లు రాదు."

తగిన శాస్తి జరిగిందనుకున్నాడు మెకానిక్. పైకి మాత్రం అయ్యో అన్నట్టు తలూపాడు.

ఇంతలో ఫోను మోగితే లెక్చరరు గారు మాట్లాడుకుంటూ రోడ్డు మీదికి నడిచారు. పిల్ల బండి దిగి, ఫిల్టరు పెట్టె మీద వేలితో కొట్టి చూసింది.

"అంకుల్, దీనికి మళ్లీ చప్పుడు పెట్టరా?"

మెకానిక్ ఫక్కున నవ్వాడు. "మీ అమ్మ నేర్పిన మాటేనా ఇది? చప్పుడెందుకమ్మా నీకు?"

పిల్ల రోడ్డు మీద తండ్రి వీపు వైపు ఒకసారి చూసింది. తర్వాత మెకానిక్ చెవి దగ్గరికి వచ్చింది.

"అమ్మ ఊరెళ్లలేదంకుల్, ఆసుపత్రిలో ఉంది. చప్పుడున్నప్పుడైతే, నాన్న లోపలికి వచ్చేలోపే అమ్మా నేనూ పక్కింట్లోకి పారిపోయేవాళ్లం."