డేగ రెక్కలో మూడో ఈక

“సంతకం పెట్టకండి డాక్టరు గారూ! అది దొంగ నాణెం!”

పళ్ల డాక్టర్ ప్రెంటిస్ కలం చెక్కు మీదే ఆగిపోయింది. బాల్టిమోర్ నాణేల ప్రదర్శనలో చుట్టుపక్కల బల్లల దగ్గర బేరాలు కూడా ఆగిపోయాయి. అరగంట క్రితం అదే నాణేన్ని భూతద్దంతో చూసి వెళ్లిన లెనోరా, ఇప్పుడు పరుగున వచ్చి డాక్టరుకీ అమ్మకందారుకీ మధ్యలో నిలబడింది.

అమ్మకందారు స్ట్రిక్లండ్ ముఖం కందగడ్డలా అయింది. “ఏంటమ్మా ఆ మాటలు! ముప్ఫై ఏళ్లుగా ఇదే వ్యాపారం. నాకు తెలీదా?”

“తెలిస్తే పద్దెనిమిది వేల డాలర్లకి అమ్మరుగా!”

నల్ల ముఖమల్ మీద 1907 నాటి ఇరవై డాలర్ల బంగారు నాణెం ధగధగలాడుతోంది. కాగడా పట్టుకుని స్వేచ్ఛాదేవత లిబర్టీ ఎదురుగా నడిచొస్తోంది. గాలికి గౌను కుచ్చిళ్లు ఎగురుతున్నాయి. బొమ్మ అంతలా ఉబికి రావాలని టంకశాలవాళ్లు ఒక్కో నాణేన్ని మళ్లీ మళ్లీ అచ్చులో కొట్టిన కాలం అది.

“నాకు దక్కుతోందని కుళ్లు!” అన్నాడు డాక్టరు.

“కుళ్లేననుకోండి. వెనక్కి తిప్పి చూడండి. డేగ రెక్కలో మూడో ఈక కొసన.”

పక్క బల్ల బెర్నీస్ భూతద్దం పట్టుకుని వచ్చింది. బంగారు నాణేల విషయంలో ఆవిడ మాటకి ఆ హాల్లో తిరుగులేదు. నాణేన్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది.

“సూదిమొనంత కొక్కెం ఉంది. అసలు వాటిలో ఉండదు. దొంగదే,” అంది. అని ఊరుకోలేదు, మళ్లీ అద్దం కంటికి ఆనించింది. “కానీ దేవుడా, ఏం చెయ్యి! ఆ ఈకలు చూడండి, ఊదితే కదిలేట్టున్నాయి. ఇంత పనితనం పెట్టుకుని దొంగ నాణేలు చేసుకోవడమేంటి ఖర్మ!”

లెనోరా చెవులు వేడెక్కాయి.

డాక్టరు చెక్కుని నిలువునా చింపేశాడు. స్ట్రిక్లండ్ కుర్చీలో కూలబడ్డాడు. “నన్నూ ముంచారన్నమాట. ఈ దరిద్రాన్ని ఇవాళే కరిగించేస్తా.”

“వద్దు!” లెనోరా అతని చెయ్యి పట్టేసుకుంది. “బంగారం బరువుకి ఎంతవుతుందో చెప్పండి. నేను తీసుకుంటాను.”

“నలుగురిలో నా పరువు తీసి, మళ్లీ నువ్వే కొంటావా?”

“కొంటాను. రసీదు మీద ‘దొంగది’ అని ఎంత పెద్దక్షరాలతో రాసిచ్చినా సరే.”

బెర్నీస్ తూచింది. లెనోరా డబ్బు కట్టి నాణేన్ని అరచేతిలోకి తీసుకుంది. లిబర్టీ కుచ్చిళ్లని బొటనవేలితో మెల్లగా తడిమింది. ముఖం చిన్నపిల్ల ముఖంలా వెలిగిపోయింది.

డాక్టరు ఉండబట్టలేకపోయాడు. “ఏంటండీ మీ సంబరం! అది దొంగదని మీరేగా చెప్పారు?”

“పదమూడేళ్లుగా ఏ ఊళ్లో ప్రదర్శన పెట్టినా వెళ్లి వెతుకుతున్నాను డాక్టరు గారూ,” అంది లెనోరా. “మా నాన్న చేసినవాటిలో పోలీసులకి దొరకనిది ఇదొక్కటే!”