ఎడమ మూల జాగ

"మళ్లీ ఆరుగురేనా?" అంటూ అచ్చంపేట జట్టువాళ్లు నవ్వారు.

నర్సింహ ఆ ఆరుగురినే బరిలో నిలబెట్టాడు. స్నేహితుడు సైదులు సాయుధ పోరాట దళంతో నల్లమల అడవిలోకి వెళ్లినప్పటి నుంచి, తన ఏడుగురి చెడుగుడు జట్టులో ఎడమ మూలను ఖాళీగానే ఉంచాడు. ప్రతి ఆటా ఆ ఖాళీ వల్లే ఓడిపోతున్నారు.

సగం ఆటకే మళ్లీ వెనకబడ్డారు. ఎప్పుడూ దూరంగా కూర్చుని చూసే సైదులు తల్లి సుక్కమ్మ, ఈసారి లేచి నర్సింహ దగ్గరికి వచ్చింది.

"ఆ జాగల గుర్వయ్యను నిలబెట్టు బిడ్డా."

"అది సైదులుది పెద్దమ్మా. ఇయ్యాల గాకుంటె రేపొస్తడు."

"రాడు," అంది మెల్లగా. "పోయిన నెల మిలిట్రోళ్లు నన్ను పిలిచి శవాన్ని చూపెట్టిన్రు. 'నా కొడుకు కాదు' అని చెప్పిన. అవునంటె దోస్తులని మిమ్ములందరిని గుంజుకపోతుండె."

నర్సింహ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "మాకన్న చెప్పకపోతివి?"

"మీరు వాని జాగ ఉంచిన్రు. గా జాగనే చూసుకుంట కూసునేదాన్ని. వాని కోసం మీరింక ఓడిపోవద్దు."

నర్సింహ పిలిస్తే, బయట కూర్చున్న గుర్వయ్య తలవంచుకుని వచ్చి ఎడమ మూలన నిలబడ్డాడు.

సుక్కమ్మ అటు ఒక్కసారి చూసింది. కూత మొదలుకాక ముందే ఒక్కతే ఇంటిదారి పట్టింది.