సంచికి రెండు చిల్లులు

"ఈ సంచి అడుగున రెండు చిల్లులు పెట్టించండి, తీసుకుంటాను" అన్నాడు వచ్చినాయన.

కొట్టు తాతారావు తెల్లబోయాడు.

"చిల్లులా? ఉన్న చిల్లులు పూడ్చి ఇమ్మనేవాళ్ళనే చూసేనండి ఇన్నాళ్ళూ!"

"ఆయ్. ఇక్కడొకటి, ఇక్కడొకటి. చెయ్యి దూరేంత చాలండి."

యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్ళు వదిలేసిన సరుకు వేలంలో కొని, కొత్తపేటలో బస్సులు ఆగే చోట కొట్టు తెరిచాడు తాతారావు. గుడారాలు పెళ్ళిపందిళ్ళకి పోయాయి. దోమతెరలతో చేపలు పడుతున్నారు. నీళ్ళ సీసాల్లో ఏం పోసుకుంటున్నారో అడక్కపోవడమే మంచిది. ఎటొచ్చీ వీపుకి తగిలించుకునే సంచులే కదలడం లేదు. కోనసీమలో బరువంటే నెత్తినుండాలి, కాదంటే కావిడికుండాలి. వీపున మోస్తే నలుగురూ నవ్విపోరూ?

ఇన్నాళ్ళకి ఒకడు అడిగితే, వాడికి చిల్లులు కావాలిట!

దొరబాబు ఆగలేకపోయాడు. పొద్దుపోక రోజూ ఆ కొట్టు బల్ల మీదే కూర్చుని చుట్ట కాల్చే పెద్దమనిషి ఆయన.

"దేనికండీ చిల్లులు?"

వచ్చినాయన నవ్వాడు. సంచి తిప్పి చూసుకుంటూ, "అంచులు మడిచి కుట్టాలండి. లేకపోతే కాళ్ళు ఒరుసుకుపోతాయి" అన్నాడు.

"కాళ్ళు!" దొరబాబు తొడ చరిచాడు. "పుంజోయ్ తాతారావూ, పందెం పుంజు! కాళ్ళు కిందికి వేళ్ళాడేసి దర్జాగా పట్టుకుపోతాడు. పోలీసులక్కూడా అనుమానం రాదు. ఏవండీ, పుంజు డేగా, నెమలా?"

దానికీ ఆయన నవ్వే.

"చూసేవా, పైకి చెప్పడు. గట్టివాడు!"

తాతారావు చిల్లులు కోసిచ్చాడు. ఆయన అరుగు మీద కూర్చుని దబ్బనంతో అంచులు కుట్టుకోసాగాడు.

అంతలో తాతారావు తల్లి కనకమ్మగారు అన్నం కారియరు పట్టుకొచ్చారు. వెంట మనవరాలు చిన్నమ్మలు.

"ఇవాళెవరైనా వచ్చేరా, రంగూన్ వాళ్ళు?"

రోజూ అడిగే ప్రశ్నే.

"లేదమ్మా."

రంగూన్ మీద బాంబులు పడ్డప్పుడు కనకమ్మగారి కూతురు బంగారమ్మ, మొగుణ్ణి పోగొట్టుకుని, అయిదేళ్ళ పిల్లని చంకనేసుకుని, జనంతోపాటు కొండలమ్మట నడిచి బయల్దేరింది. పిల్ల చేరింది. తల్లి చేరలేదు. ఎవరో ఒకాయన పిల్లని మోసుకొచ్చి సరిహద్దుకి ఇవతలి క్యాంపులో అప్పజెప్పి, పేరైనా చెప్పకుండా వెళ్ళిపోయాడట. పిల్ల నోట ఊరి పేరు తెలుసుకుని క్యాంపువాళ్ళు ఇంటికి చేర్చారు. అమ్మ సంగతి అడిగితే "జ్వరమొచ్చి పడుకుంది" అంటుంది చిన్నమ్మలు. అంతకుమించి దానికి తెలీదు.

"తెలిసినవాడు ఈ భూమ్మీద ఆయనొక్కడేరా" అంటారు కనకమ్మగారు. "బంగారం ఉందనుకుని ఎదురుచూడనా, పోయిందనుకుని ఏడవనా? కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళనీ అడుగు. నీ నోరేం అరిగిపోదు."

మొదట్లో అందరినీ అడిగాడు తాతారావు. అడిగి అడిగి విసుగెత్తి మానేశాడు. ఆ మాట తల్లితో చెప్పే ధైర్యం మాత్రం లేకపోయింది.

కనకమ్మగారు అరుగు మీది మనిషిని చూశారు.

"ఏ ఊరు నాయనా మీది? ఎప్పుడన్నా రంగూన్..."

"అమ్మా!" తాతారావు చెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు. "ఊరుకో. పుంజుల మనిషి. రంగూనెక్కడ, ఈయనెక్కడ?"

దొరబాబు కూడా గొంతు తగ్గించి మందలించాడు. "పందేనికెళ్ళేవాళ్ళని ఊరూ పేరూ ఆరాలు తియ్యకూడదండి పిన్నిగారూ. కలిసిరాదు."

కనకమ్మగారు నాలిక్కరుచుకున్నారు. పాపం, శకునం చెడగొట్టినట్టున్నాను అనుకుని లోపలికి తప్పుకున్నారు.

ఆయన దారం తెంపాడు. ఎదురుగా నిలబడి చిల్లుల్నే చూస్తున్న చిన్నమ్మలుని చూసి నవ్వి, సంచి తీసుకుని వెళ్ళిపోయాడు.

రావులపాలెం వెళ్ళే బస్సు, బొగ్గుతో నడిచేది, వచ్చి ఆగింది. ఎదుటి కాఫీ హోటలు నీడలో ఒకావిడ కుర్రాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వాడి కాళ్ళు పుల్లల్లా ఉన్నాయి. ఆయన వెళ్ళి కుర్రాణ్ణి ఎత్తి సంచిలో కూర్చోబెట్టాడు. రెండు కాళ్ళూ రెండు చిల్లుల్లోంచి బయటికొచ్చాయి. సంచి వీపుకి తగిలించుకుని లేచాడు.

దొరబాబు నోట్లోంచి చుట్ట తీసేశాడు.

"అయ్యయ్యో! నడవలేని పిల్లాడికిటోయ్! ఎంత మాటన్నాను!"

తాతారావుకి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

కొట్టువైపు వీపు పెట్టి ఆయన బస్సెక్కుతున్నాడు. బస్సు గుమ్మం పొట్టిది.

"తల దించమ్మా... తల దించు" అన్నాడు వెనకాల కుర్రాడితో.

ఇక్కడ కొట్టు మెట్టు మీద చిన్నమ్మలు చటుక్కున తల దించింది.

లోపల్నించి వస్తున్న కనకమ్మగారు చూశారు. "నువ్వెందుకే దించేవు?"

"కొమ్మలు తగుల్తాయి కదమ్మమ్మా."

"కొమ్మలా? ఇక్కడ కొమ్మలెక్కడివే?"

"ఇక్కడ కాదు, అడవిలో. కొమ్మ అడ్డమొచ్చినప్పుడల్లా నన్ను మోసుకొచ్చినాయన అలాగే అనేవాడు."

తాతారావు ఒక్క గెంతులో రోడ్డు మీద పడ్డాడు. "ఆపండి! ఆపండి!" అని అరుస్తూ పరిగెత్తాడు. బస్సు అప్పటికే కదిలిపోయింది, పొగలో కనబడలేదు. కాసేపటికి చప్పుడు కూడా వినబడలేదు.

కనకమ్మగారు పిల్ల భుజాలు పట్టుకుని కుదిపేస్తూ ఏడ్చారు.

"ఇంతసేపూ నీ ఎదురుగానే కూర్చున్నాడు కదే తల్లీ! చూడగానే చెప్పొద్దటే?"

చిన్నమ్మలు బిక్కమొహం వేసింది.

"ఆయన మొహం నాకేం తెలుసు అమ్మమ్మా? అన్నాళ్ళూ నేనున్నది ఆయన వీపు మీదే కదా!"