రెండంటే రెండే

మేస్త్రీ చొక్కా చెయ్యి పైకి మడిచిన నర్సు ఉలిక్కిపడింది: ముంజేతి మీద రూపాయి బిళ్లంత బొబ్బ.

"నిన్న వేడి పలక పెట్టి, నొప్పి పదికి ఎంతంటే రెండన్నావు కదయ్యా!"

"ఇటుకలు మోసిన చెయ్యమ్మా, మొద్దు చర్మం."

నొప్పి మందును పరీక్షిస్తున్న డాక్టర్ ఆ బొబ్బ చూసి కుర్చీలో కూలబడ్డాడు.

"నీకు సూదితో ఎక్కించింది ఉత్త ఉప్పునీళ్లయ్యా. సగం మందికి మందు, సగం మందికి ఉప్పునీళ్లు ఇచ్చి పోల్చాం. అందరూ రెండే అన్నారు. మందుకీ ఉప్పునీళ్లకీ తేడా లేదని, ఈ పొద్దునే కంపెనీ మందు ఆపేసింది."

"ఆపేశారా? మళ్లీ మొదలెట్టండి సార్. ఈసారి గొంతు చించుకుని అరుస్తా!"

"ఇంక మా మాట ఎవరు నమ్ముతారు?"

పక్క వార్డులోంచి మేస్త్రీ భార్య మూలుగు వినిపించింది. అతను తల దించుకున్నాడు.

"మందు గెలిస్తే మా ఆవిడకిస్తారనుకున్నాను సార్. పరీక్షకు చెయ్యి చాపిన వాళ్లమంతా ఆ వార్డు రోగుల తాలూకు వాళ్లమే. ఎంత కాలినా రెండే అనండని అందరికీ నేర్పింది నేనే."