ముప్పై అడుగులు

శిక్షణ మొదలై పావుగంట కాకముందే వెనక తలుపు తోసుకుని ఒక ముసలాయన లోపలికి వచ్చాడు.

చెప్పుల మట్టి ఎక్కడ అంటుతుందోనని కాళ్ళు దగ్గరికి ముడుచుకుని, చివరి కుర్చీ అంచు మీద కూర్చున్నాడు.

హాల్లో ఇరవై మంది ఇంజనీర్లు. అందరి మెడల్లోనూ కార్డులు వేలాడుతున్నాయి. ఆయన మెడలో ఏమీ లేదు.

గ్యాస్ పైపులైను ప్రాజెక్టుకి మేనేజరు ఒకావిడ. ఈ మూడు రోజుల శిక్షణ ఏర్పాట్లూ ఆవిడ నెత్తినే పడ్డాయి. పైగా హెడ్డాఫీసు నుంచి వచ్చిన ఇద్దరు పెద్దలు ముందు వరసలో కూర్చుని ఉన్నారు.

చప్పుడు కాకుండా లేచి వెనక్కి వెళ్ళింది.

"ఎవరు కావాలి పెద్దాయనా?"

"మేనేజరమ్మగారు."

"నేనే. ఏం పని?"

"పైపు కోసం మా ఊరి పక్కన మళ్ళీ తవ్వుతున్నారు కదమ్మా. దాని గురించి ఒక్క మాట."

"ఇప్పుడు క్లాసు జరుగుతోంది. సోమవారం ఆఫీసుకి రండి."

"రేపో ఎల్లుండో మిషను అక్కడికి వచ్చేస్తుందమ్మా. మీ క్లాసు అయ్యేదాకా ఇక్కడే కూర్చుంటాను."

"బయటివాళ్ళు కూర్చోకూడదండీ."

"గట్టిగా ఊపిరి కూడా పీల్చను."

ఎవరో కిసుక్కున నవ్వారు. ముందు వరసలో రెండు తలలూ వెనక్కి తిరిగాయి. ఆవిడకి తల కొట్టేసినట్టయింది. గార్డుకి సైగ చేసింది.

గార్డు చెయ్యి పడకముందే ముసలాయన లేచాడు. కూర్చున్న కుర్చీని అరచేత్తో తుడిచాడు.

"వస్తానమ్మా," అని వెళ్ళిపోయాడు.

శిక్షణ ఇవ్వడానికి వచ్చినాయన్ని అందరూ మాస్టారనే పిలుస్తున్నారు. తలుపు మూసుకునేదాకా ఆగి అడిగాడు.

"ఎవరాయన?"

"ఎవరో ఊరాయన మాస్టారూ. మన క్లాసుకి సంబంధం లేదు."

మాస్టారు మూసిన తలుపు వైపు ఒకసారి చూశాడు. బోర్డు వైపు తిరిగాడు.

"పైపులో ప్రెషరు తగ్గితే మీటరు చెబుతుంది. ఊళ్ళో ఓపిక తగ్గితే చెప్పే మీటరు లేదు. పని ఆగేది చాలాసార్లు యంత్రం చెడి కాదు. భూమి తగాదాలు, అనుమతులు, ఇచ్చి తప్పిన మాటలు... మనం నేర్చుకోవలసింది వీటి గురించే."

ఆవిడ అన్నీ గుండ్రటి అక్షరాలతో రాసుకుంది.

రెండో రోజు చిన్న నాటకంలాంటిది ఆడించారు. ఒక ఇంజనీరు కోపంగా ఉన్న రైతు. ఆవిడ అధికారి. రైతుని కూర్చోబెట్టింది, మంచినీళ్ళిచ్చింది, మధ్యలో అడ్డు రాకుండా చివరిదాకా వింది. అందరూ చప్పట్లు కొట్టారు. అందరికన్నా ఎక్కువ మార్కులు ఆవిడకే వచ్చాయి.

మూడో రోజు సర్టిఫికెట్లు పంచుతుండగా సైటు సూపర్‌వైజరు ఫోన్ చేశాడు.

"మేడమ్, ఊరంతా వచ్చి మిషను ముందు కూర్చున్నారు."

"ఏమైంది?"

"పొద్దున్నే తవ్వడం మొదలుపెట్టాం. శ్మశానం మూల తగిలింది. ఒక సమాధి పెళ్ళగిలింది."

"మన మ్యాపులో శ్మశానం లేదే!"

"మ్యాపులో లేదు మేడమ్. నేల మీద ఉంది."

ఆవిడ బయల్దేరింది. అడక్కుండానే మాస్టారు కూడా జీపెక్కాడు.

అక్కడ కేకలు లేవు, కర్రలు లేవు. రెండు వందల మంది నేల మీద ఊరికే కూర్చున్నారు. అది చూసే ఆవిడకి ఎక్కువ భయం వేసింది.

వాళ్ళ తరఫున ఆ ఊరి ఆసుపత్రి నర్సమ్మ లేచి నిలబడింది.

"ముందే ఒక మాట చెప్పి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు కదండీ," అంది మేనేజరు.

"చెప్పమనే కదా నిదానం తాతని పంపాం! మొన్న రెండు బస్సులు మారి మీ దగ్గరికి వచ్చాడు. తవ్వే గీత ముప్పై అడుగులు పక్కకి జరపమని అడగడానికి."

ఆవిడ సూపర్‌వైజరుని పిలిచి, "జరపండి," అంది. ముగ్గుతో వేసిన గీత చెరిపి, పక్కన కొత్తది వెయ్యడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.

"ఆయన్నొకసారి పిలవండి. తప్పు నాది. నేనే చెబుతాను."

"లేడండీ. మీ దగ్గర్నుంచి వచ్చిన సాయంత్రమే కూతురింటికి వెళ్ళిపోయాడు. 'ఇంక నా మాట చెల్లదు, ఎవర్నీ ఆపమని నన్ను అడక్కండి' అన్నాడు."

"ఆపడమేంటి?"

"పన్నెండేళ్ళుగా ఆపుతున్నది ఆయనే కదండీ. మీ లారీలకి గోడలు బీటలిచ్చినప్పుడూ, దుమ్ముకి పంట పాడైనప్పుడూ కుర్రాళ్ళు ఆవేశంగా లేచేవాళ్ళు. 'నిదానంరా, నిదానం. వాళ్ళూ మనుషులే, చెబితే వింటారు' అని కూర్చోబెట్టేవాడు. ఆ పేరు అలాగే వచ్చింది."

"పన్నెండేళ్ళలో ఒక్కరోజు కూడా పని ఆగలేదని మీ రిపోర్టులో చదివాను," అన్నాడు మాస్టారు మెల్లగా.

ఆవిడ ఆయన వైపు చూడలేదు.

"ఆ పెద్దాయన మా కంపెనీలో పనిచేశాడా? మా మీద అంత నమ్మకం ఎందుకు?"

"ఆయన చెయ్యలేదు. వాళ్ళబ్బాయి చేశాడు."

"ఆ అబ్బాయితో మాట్లాడవచ్చా?"

నర్సమ్మ పెళ్ళగిలిన మట్టి వైపు చూసింది.

"మొదటి పైపు వేసేటప్పుడు తవ్వకంలో మట్టి విరిగిపడి ఒకడు పోయాడు, మీ ఫైళ్ళలో ఉండే ఉంటుంది," అంది. "ఈ సమాధి అతనిదేనండీ."