రేవు ఘట్టం

"ఏవండీ, కాస్త ఆ దగ్గు ఆపుకుంటారా?"

సినిమా డేరాలో దత్తాత్రేయులు వెనక్కి తిరిగి అన్నాడు.

వెనక బెంచీ మీద ఒక ముసలాయన ఒళ్ళో బట్టల మూట పెట్టుకుని కూర్చున్నాడు. గడ్డంలో ఉన్ని నూగు చిక్కుకుని ఉంది.

"చిత్తమండీ," అన్నాడు. అది గొంతులా లేదు, ఉత్త గాలిలా ఉంది.

దత్తాత్రేయులు ఏలూరు తాలూకా కచేరీలో గుమాస్తా. పొద్దస్తమానం నకళ్ళు రాసి రాసి మెడ పట్టేసిన మనిషి. ఆయనకున్న సరదా అల్లా సినిమా ఒక్కటే.

చూసిన నలభైమూడు బొమ్మల్లో పది ఏరి, వరసగా కాగితం మీద రాసి జేబులో పెట్టుకు తిరిగేవాడు. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చదివి వినిపించేవాడు. కొత్త బొమ్మ వచ్చినప్పుడల్లా రెండోది ఐదోదయ్యేది, ఎనిమిదోది ఊడిపోయేది.

మొదటిది మాత్రం ఏనాడూ కదల్లేదు.

అది పదకొండేళ్ళ కిందట తాడేపల్లిగూడెం సంతబయల్లో, డేరాలో చూసిన రాణి బొమ్మ. రాజు వెళ్ళగొడితే రాణి అడవుల పాలవుతుంది. చంకలో బిడ్డ చచ్చిపోతుంది. ఏటి రేవులో ఆ బిడ్డని నీళ్ళకప్పగించి రాణి ఒక మాట అంటుంది.

"కొల్లేటికి వచ్చిన పక్షి ఎగిరిపోతుంది. మళ్ళీ ఏడు వచ్చేది అదేనా అని నీళ్ళు అడగవు. చోటు ఉంచుతాయి, అంతే."

పోయిన శ్రావణంలో దత్తాత్రేయులు కూతురు జ్వరంతో పోయింది. నాలుగేళ్ళ పిల్ల. భార్య రామలక్ష్మి నెల్లాళ్ళు పొయ్యి ముట్టలేదు, ఏడవనూ లేదు. ఏం చెప్పాలో తెలియక ఒక రోజు ఆయన రాణి మాట చెప్పాడు.

ఆవిడ అప్పుడు ఏడ్చింది.

"ఆ మాట ఆవిడ నోట ఒక్కసారి వినాలనుందండీ," అంది. పిల్ల పోయాక ఆవిడ నోరు తెరిచి అడిగింది అదొక్కటే.

అందుకే కాలవగట్టున డేరాలో రాణి బొమ్మ ఆడుతోందని తెలియగానే కచేరీ నుంచి తిన్నగా ఇంటికొచ్చి ఆవిణ్ణి తీసుకొచ్చాడు. జనం పలచగా ఉన్నారు. ఆడవాళ్ళ వైపు తెర కూడా కట్టలేదు. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు.

బొమ్మ మొదలైంది. మనుషుల పెదవులు కదులుతున్నాయి, చప్పుడు లేదు. మధ్యమధ్య ఏవో పరాయి అక్షరాల అట్టలు వచ్చి పోతున్నాయి.

"మాటల్లేవేంటండీ?" అంది రామలక్ష్మి.

"పాత రీళ్ళు కదా. రేవు దగ్గర ఉంటాయి, చూడు."

అన్నాడే గాని ఆయనకీ అనుమానం పట్టుకుంది. ఇన్ని టాకీలు విన్న చెవులకి ఆ రాణి కూడా మాట్లాడినట్టే గుర్తుండిపోయింది మరి.

వెనక ముసలాయన ఏదో గొణుగుతూనే ఉన్నాడు. ఈ గొణుగుడు వల్లే మాటలు వినపడటం లేదని దత్తాత్రేయులుకు తోచింది. కోపం వస్తే కారణానికి కరువా!

గేటు దగ్గర టిక్కెట్లు చింపే జానీని చెయ్యెత్తి పిలిచాడు.

"ఈయన్ని బయటికి పంపించండి. ఇంటిదానికి చూపిద్దామని తీసుకొచ్చాను."

జానీ తటపటాయించాడు. ముసలాయనే లేచాడు.

"రేవు ఘట్టం దాకా ఉండనివ్వండి బాబూ. ఇంకెంతోసేపు లేదు."

"మీరుంటే మాకది వినపడదండీ."

ముసలాయన మూట చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

రేవు వచ్చింది. రాణి వచ్చింది. బిడ్డని నీళ్ళలో వదిలింది. పెదవులు రెండుసార్లు కదిలాయి. ఒక అట్ట వచ్చింది, పోయింది.

"ఏమందండీ?" అంది రామలక్ష్మి.

ఆయన జానీ కోసం వెనక్కి చూశాడు.

ఆట అయ్యాక గేటు దగ్గర జానీని పట్టుకున్నాడు.

"మాటలు కోసేశారేమిటండీ? కొల్లేటి పక్షి మాట ఏమైంది?"

"మూకీ బొమ్మకి మాటలెక్కడివండీ? అయినా బొంబాయి రాణికి కొల్లేరు ఏం తెలుసు?"

"నేను విన్నాను. గూడెంలో."

జానీ ఆయన్ని పరకాయించి చూశాడు.

"అప్పట్లో తెర పక్కన నిలబడి కథ చెప్పేవారు కదండీ. గూడెంలో చెప్పింది మా కాలేషాగారు. అదే డేరాలో నేను మిషను తిప్పేవాణ్ణి. టాకీలొచ్చాక ఆయన పని పోయింది. ఇక్కడ తివాచీల షెడ్డులో ఉన్ని దులుపుతూ గొంతు పోగొట్టుకున్నారు. ఈ రాత్రి పడవలో కలిదిండి, పెద్దకూతురింటికి వెళ్ళిపోతున్నారు. చివరిసారి కథ చెప్పుకుందామని మూటతో వచ్చారండీ."

మూట అనగానే దత్తాత్రేయులు కాలవ రేవుకి పరుగెత్తాడు. పడవ లాంతరు అప్పటికే చాలా దూరం వెళ్ళిపోయింది. ఎలుగెత్తి పిలుద్దామనుకున్నాడు, సిగ్గేసింది. కాళ్ళీడ్చుకుంటూ వెనక్కి వచ్చాడు.

రామలక్ష్మి జానీని అడుగుతోంది.

"రాణి అనకపోతే ఆ మాట ఆయనకి ఎలా తోచిందండీ?"

"ఆ అట్ట మీద ఉన్నది 'అయ్యో బిడ్డా' అన్న ఒక్క ముక్కేనమ్మా. రోజూ అదే చదివేవారు."

జానీ తల దించుకున్నాడు.

"గూడెంలో ఆ రోజు మాత్రం పొద్దున్నే తన మూడేళ్ళ పిల్లని మట్టిచేసి వచ్చి తెర పక్కన నిలబడ్డారండీ."