తాతగారి అభ్యంతరం

“ఒక్కరోజు, తాతగారూ! ఒక్కరోజు గడువు జరిపితే ఆకాశం ఊడి పడుతుందా?”

టైపు చేసి పంపి, అక్క కుర్చీలోంచి లేచింది. మళ్ళీ కూర్చుంది. మళ్ళీ లేచింది. వంటింట్లో టీ పొంగి స్టవ్వంతా పారితే, మంట ఆర్పి, తుడవకుండానే వచ్చేసింది. కాలు నిలవడం లేదు.

చూపు లేనివాళ్ళకు కంప్యూటర్ తెర మీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అది. ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు. బాగుచేసేవాళ్ళంతా మారుపేర్లతోనే ఉంటారు. ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. ఏ వెర్షన్ ఎప్పుడు విడుదల కావాలో నిర్ణయించేది అక్కే; ఒకసారి పెట్టిన గడువు జరపాలంటే మాత్రం పరీక్షించేవాళ్ళూ ఒప్పుకోవాలి. ఈ సాయంత్రం ఫీచర్ ఫ్రీజ్. ఆ తర్వాత తప్పులు దిద్దుకోవాలే తప్ప కొత్తవేవీ చేర్చకూడదు. ఇంకొకరు పరీక్షించి సరేనంటే తప్ప ఎవరి పనీ లోపలికి రాకూడదు, అక్కదైనా సరే.

లెక్కల సూత్రాలు చదివే ఫీచర్ అక్క రాసిందే. పరీక్షించే పని తాతగారి వంతుకు వచ్చింది. మారుపేరుకు తగ్గ చాదస్తం!

రాసింది తమ్ముడి కోసం. వాడికి పుట్టుకతోనే చూపు లేదు. నిరుడు పరీక్షలో ప్రశ్నలు చదవడానికి వచ్చినాయన సగం నమిలి సగం మింగాడు. వాడు లెక్కల్లో తప్పాడు. ఈసారి కంప్యూటరే చదువుతుంది. కానీ పరీక్ష కేంద్రంలో విడుదలైన వెర్షనే పెడతారు. ఇది తప్పిపోతే మళ్ళీ విడుదల పరీక్షలయ్యాకే.

తాతగారి జవాబు వచ్చింది.

“‘ఎక్స్ ప్లస్ టూ హోల్ బై త్రీ’ అని ఉన్నచోట అప్పుడప్పుడు ‘హోల్’ వదిలేస్తోందమ్మా. లెక్కే మారిపోతుంది.”

“అప్పుడప్పుడే కదండీ! ముందు చేర్చేద్దాం. ఫ్రీజ్ తర్వాత దిద్దుకోవచ్చు.”

“దిద్దలేకపోతే?”

అక్కకు ఒళ్ళు మండింది. పొద్దున్నుంచీ ఆ ముక్క మీదే ఉంది. ఒకచోట అతుకు వేస్తే ఇంకోచోట చిరుగుతోంది. ఆ సంగతి ఆయనకు చెప్పాలా?

విసురుగా పక్కగదిలోకి వెళ్ళింది. తమ్ముడు హెడ్‌ఫోన్స్ ఒక చెవి మీంచి జరిపాడు.

“ఏమంటున్నాడే నీ ముసలాయన?” పొద్దున్నుంచీ వాడు వింటున్న గోలే కదా.

“జిడ్డురా బాబూ! ఇంక ఆయన్ని అడిగేది లేదు. నేనే చేర్చేస్తాను.”

“చేర్చగలవా?”

“తాళాలు నా దగ్గరే ఉన్నాయి. ఎవరేమంటారో చూస్తాను.”

“నిరుడు నాకు చదివినాయన కూడా ‘నాకు తెలుసులే’ అంటూనే చదివాడక్కా.”

“అయితే?”

“ఏం లేదు. టీ మాడినట్టుంది, వాసనొస్తోంది.”

అక్క తిరిగొచ్చి కీబోర్డు మీద పడింది.

“మీకేమండీ, కళ్ళున్నవాళ్ళు! మా తమ్ముడికి ఈ ఏడు కూడా పోతే ఆ బాధేంటో మీకేం తెలుస్తుంది?”

పంపాక, మరీ అతిగా అన్నానేమోనని గోళ్ళు కొరుక్కుంది. అప్పుడొచ్చింది జవాబు.

“పరీక్ష రాసేది మీ తమ్ముడొక్కడే కాదు కదమ్మా. ఎంతమంది పిల్లలో ఆ గొంతునే నమ్ముకుని రాస్తారు. వాళ్ళచేత మనమే తప్పు రాయిద్దామా?”

కిటికీ బయట వెలుగు తగ్గిపోతోంది. చేర్చే బటన్ మీద వేలు పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది. ముసలాయన మీద కోపం, తన మీద అంతకు రెట్టింపు కోపం, ఆపైన ఏడుపు.

చివరికి తన ఫీచర్‌ను తానే ఈ విడుదల జాబితాలోంచి తీసేసింది. తాతగారికి మాత్రమే కనపడేలా ఒక్క మాట రాసింది: “సరే తాతగారూ, తీసేశాను. మావాడికేం చెప్పమంటారు?”

పంపిన చేత్తోనే కళ్ళు తుడుచుకుని పక్కగది తలుపు తోసింది. తమ్ముడు హెడ్‌ఫోన్స్ వైరు పీకేసి, తలుపు వైపే తిరిగి కూర్చున్నాడు.

వాడి కంప్యూటర్ గొంతు పైకి చదువుతోంది: “సరే తాతగారూ, తీసేశాను. మావాడికేం చెప్పమంటారు?”